గ్లౌజు మీద పడని దెబ్బ

“ఈ ముడి నాది కాదు.”

వదిన ఆ మాట మెల్లగానే అంది. టీ గ్లాసు పెదవుల దాకా తెచ్చుకున్న ఆమె భర్త చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఏ ముడి?” అన్నాడు.

“ఈ సంచీ ముడి. నిన్న బజారుకు వెళ్ళేముందు కట్టి మేకుకు తగిలించాను. నా ముడి ఎడమకు తిరుగుతుంది. ఇది కుడికి తిరిగింది.”

“ముడులకు కూడా కుడీ ఎడమా ఉంటాయా! గాలికి ఊడిపోయి ఉంటుంది.”

“ఊడిపోయి, మళ్ళీ గాలికే కట్టుకుందా?”

మూల కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు కిసుక్కున నవ్వింది. కొడుకు కొరకొరా చూసేసరికి తల దించుకుంది గానీ చెవులు మాత్రం ఇటే వదిలేసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన లేచి చొక్కా సర్దుకున్నాడు, కిటికీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. వదిన సంచీని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. తొందరేమీ లేదు ఆమెకు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈయన ఎంతసేపు బొంకగలడో ఆమెకు తెలుసు. టీ చల్లారేంతసేపు, అంతే.

ఊళ్ళో బాక్సింగ్ క్లబ్బులు ఏడు. కింద షెడ్డులో ఉన్నది ఈయన క్లబ్బు, ఈయనే కోచ్. మేడ మీద గదిలో ఉన్నది ఆమె కుట్టుమిషను. ఏడు క్లబ్బుల్లో ఎక్కడ గ్లౌజు చిరిగినా ఆ మిషను దగ్గరికే రావాలి. మొదట మరిది ఒక్కడే వదినా అని పిలిచేవాడు. తరవాత వాడి స్నేహితులు పిలిచారు. చూస్తుండగానే ఊళ్ళో ముక్కు పగిలిన ప్రతివాడికీ ఆమె వదినైపోయింది.

భర్త క్లబ్బుతో తలపడే ఆరు క్లబ్బులవాళ్ళూ ఆమె చేతికే గ్లౌజులివ్వడానికి కారణం కుట్టుపని ఒక్కటే కాదు. గ్లౌజు చూస్తే మనిషి తెలిసిపోతాడు. తోలు నలిగినచోటుతో కొడతాడు, గీరుకుపోయినచోటుతో కాచుకుంటాడు. ఎవడు ఎటు నుంచి కొడతాడో, ఎవడికి ఏ వేలు విరిగి అతుక్కుందో ఇన్నేళ్ళుగా ఆమెకు తెలుస్తూనే ఉంది. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ ఇంట్లో నువ్వుగింజ నానేది ఆమె నోట్లో మాత్రమే.

ఇప్పుడు ఒళ్ళో ఉన్న సంచీ లిఫ్టు మెకానిక్‌ది. ఆదివారం ఫైనల్లో ఆమె మరిదికి ఎదురు నిలిచేవాడు అతనే. పోటీకి గ్లౌజులు నిర్వాహకులే ఇస్తారు. ఇవి రోజూ సాధన చేసే గ్లౌజులు. ఎడమదానికి బొటనవేలి కుట్టు ఊడిందనీ, కుడిదానికి లోపలి గుడ్డ చిరిగిందనీ సోమవారం తెచ్చిచ్చి వెళ్ళాడు. ఇవాళ గురువారం. ఈ మూడు రోజులూ భర్త ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉన్నాడు. ఒక్క మాట చెప్పు, ఒక్కటే ఒక్క మాట.

“విప్పారా?” అంది చివరికి.

టీ చల్లారిపోయింది.

“విప్పాను! అయితే ఏంటి? నా ఇల్లు, నా గోడ, నా మేకు.”

“మేకు మీదే. సంచీ కాదు.”

“వాడు నా తమ్ముడు. నీ చేతి కూడు తిని పెరిగినవాడు. వచ్చే నెలకి ముప్ఫై నిండుతాయి. బస్సు డిపోలో ఎనిమిదేళ్ళుగా టెంపరరీగా టైర్లు మారుస్తున్నాడు. ఆదివారం గెలిస్తే ఆటగాళ్ళ కోటాలో పర్మనెంటు. ముప్ఫై దాటాక ఆ కోటా లేదు, ఉద్యోగం లేదు. రెండు ఫైనల్సు పోగొట్టుకున్నాడు. ఇది మూడోది, ఆఖరిది. ఇవన్నీ నీకు తెలియవా?”

“తెలుసు.”

“తెలిసీ నోరు విప్పవు!”

“మీరు సంచీ విప్పారుగా.”

ఆయన మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో ఆయనకే తెలియదు పాపం. రెండూ కలిసే ఉంటాయి.

“విప్పాను గనకే గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను రాత్రి,” అన్నాడు గొంతు పెంచి. “అసలు వాడెంత? బరువు ఒకటే. ఎత్తు మనవాడికంటే బెత్తెడు తక్కువ. చేతులు పొట్టి. ఇక ఆ గ్లౌజులు చూశాక ఇంకేం కావాలి? ఎడమది నలిగి నలిగి ఉంది. కుడిది ముందువైపు కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. అంటే ఏంటి? వాడికి కుడి చెయ్యి పని చెయ్యడం లేదు. భుజానికేదో అయింది, పైకి తేలకుండా దాస్తున్నాడు. నిన్న సాయంత్రం నుంచీ చిన్నోడి చేత అదే ఆడిస్తున్నాను. ఆ పక్కనుంచి దెబ్బ రాదు, ఎడమ చెయ్యి దించేసి పక్కటెముకల మీద కొట్టరా అని!”

“పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారురా,” అంది అత్తగారు బఠాణీల గిన్నెతో.

“అమ్మా, నువ్వూరుకో.”

“నేనూరుకునే ఉన్నాను. సామెతే ఊరుకోలేదు.”

వదిన నవ్వలేదు.

ఈయన చూసింది పైతోలు. ఆమె లోపల చెయ్యి పెట్టి కుట్టింది. ఎడమ గ్లౌజులో వేళ్ళు చివరిదాకా పోవు, కొసన అరంగుళం మేర గుడ్డ కొత్తగానే ఉంది. కుడి గ్లౌజులో వేళ్ళు చివరిదాకా పొడుచుకుపోయి గుడ్డను చింపేశాయి. ఒక మనిషికి ఎడమ వేళ్ళు పొట్టిగా, కుడి వేళ్ళు పొడుగ్గా ఉండవు. ఆ సంచీలో ఉన్నది ఒక జత కాదు, ఇద్దరు మనుషుల చెరో చెయ్యి. మెకానిక్ చెయ్యి ఎడమది. కుడిది మరెవరిదో.

పొరపాటున కలిసిందా, కావాలని కలిపాడా? మూడు రోజులుగా ఆమెను తొలుస్తున్నది ఆ ఒక్క ప్రశ్నే. ఇప్పుడు ఆ తప్పు గ్లౌజును చూసి ఈయన తమ్ముడికి పాఠం చెప్పేశాడు.

నోరు తెరిచింది. మూసుకుంది.

“ఏంటి? ఏదో అనబోయావు.”

“మీరు మనుషుల్ని కూరగాయల్లా తూకం వేస్తారు, అంతే అనబోయాను.”

“మరెలా వెయ్యాలి? చెప్పు! ఎత్తూ బరువూ కాకపోతే ఇంకెందులో ఉంది ఆ గొప్ప?”

ఆమె సంచీని మళ్ళీ మేకుకు తగిలించింది. ఈసారి ముడి ఎడమకు తిప్పి, గట్టిగా లాగి మరీ కట్టింది.

“పంతం!” అన్నాడాయన. “ఊళ్ళోవాళ్ళందరికీ వదినవి. సొంత మరిదికి మాత్రం పరాయిదానివి.”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన దడదడా మెట్లు దిగిపోయాడు. అత్తగారు కాసేపు బఠాణీలు ఒలవడం మానేసి కోడలి వీపుకేసి చూసింది.

“వాడి మాటలకేంలే. టీ పెట్టుకుని తాగు,” అంది.

*

మధ్యాహ్నం కిటికీలోంచి చూసింది వదిన. షెడ్డు ముందు ఖాళీ స్థలంలో, సాధనకు కట్టిన పెద్ద ఇసుక సంచీ వేలాడుతోంది. మరిది దాని చుట్టూ తిరుగుతూ కొడుతున్నాడు. ఏం దెబ్బలవి! ఒక్కొక్కటీ పడినప్పుడు పైన కిటికీ చువ్వలు కూడా జలదరిస్తున్నాయి.

“దించు! ఎడమ దించు! అటునుంచి నీకేం రాదురా!” అని భర్త అరుస్తున్నాడు.

మరిది దించాడు. ఎడమ చెంప బాహాటంగా బయటపడింది. వదిన కిటికీ దగ్గర్నుంచి తప్పుకుంది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెత్తని అడుగులు. ఒక్కో మెట్టునూ లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్న మనిషి.

“కుట్టేశారా వదినా?”

లిఫ్టు మెకానిక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులకు గ్రీజు మరకలు. సన్నగా, పొట్టిగా, రోడ్డు మీద కనిపిస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడని మనిషి. వాళ్ళ క్లబ్బులో ఇతన్ని నిదానం అంటారు. ఆగిపోయిన లిఫ్టు దగ్గరికి వెళ్తే ముందు పనిముట్ల పెట్టె తెరవడట. తలుపుకు చెవి ఆనించి పావుగంట వింటాడట.

“కుట్టాను. చూసుకో.”

ఎడమ గ్లౌజు తొడుక్కుని బొటనవేలు అటూ ఇటూ కదిలించి చూశాడు. “బాగుంది,” అన్నాడు. కుడిదాన్ని ముట్టుకోకుండానే సంచీలో వేసుకున్నాడు.

“అదీ తొడుక్కుని చూడు.”

“ఎందుకులే వదినా. మీరు కుట్టారంటే మళ్ళీ చూడాలా?”

“తొడుక్కుంటే వదులవుతుంది కదూ?”

అతను తలెత్తాడు. కింద ధన్, ధన్ అని ఇసుక సంచీ మీద దెబ్బలు పడుతున్నాయి. తడబడతాడేమోనని చూసింది ఆమె. తడబడలేదు. నెమ్మదిగా నవ్వి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎప్పుడు తెలిసింది?”

“చెయ్యి పెట్టగానే. నీ వేళ్ళు పొట్టి. ఇది బారెడు చేతుల మనిషిది. కొట్టేదంతా ఎడమతో, కుడితో ఊరికే అడ్డం పెట్టుకుంటాడు.”

“మా క్లబ్బులో హెవీవెయిట్ ఆడే అతనిది,” అని ఒప్పేసుకున్నాడు. “తెలిసీ కుట్టారా మరి?”

“చిరిగింది, కుట్టాను. ఎవరిదని అడగడం నా పని కాదు. కానీ ఇప్పుడు అడుగుతున్నాను. ఎందుకు తెచ్చావు?”

“మీ కోసం కాదు వదినా. మీరు చెప్పరని నాకు తెలుసు.” గోడ మీది మేకుకేసి చూశాడు. “కోచ్ గారి కోసం తెచ్చాను.”

ఆమెకు చెవులు వేడెక్కాయి. తన ఇంటి గోడ మీద, తన మేకుకు, తన చేత్తోనే తగిలించింది ఎర!

“ఆయన సంచీ విప్పుతాడని నీకెలా తెలుసు?”

“పదేళ్ళుగా రింగు పక్కన చూస్తున్నాను ఆయన్ని. తమ్ముడు లోపల ఆడుతుంటే బయట ఆయన పిడికిళ్ళు కూడా ఆడతాయి. తమ్ముడి ముక్కు మీద పడితే ఆయన మొహం పక్కకు తిరుగుతుంది. అంత ప్రేమున్న మనిషి ఎదుటివాడి సంచీని ఇంట్లో పెట్టుకుని మూడు రోజులు చూస్తూ కూర్చోలేడు.”

ఆమె కిటికీకేసి చూసింది.

“మీరేం చెప్పనక్కర్లేదు. వస్తూ కింద మీ మరిదిని చూశాను. ఎడమ దించి కొడుతున్నాడు.”

ఇంకా రింగులో కాలు పెట్టలేదు, అప్పుడే ఒక దెబ్బ కొట్టేశాడు ఈ పొట్టివాడు. చెయ్యెత్తకుండా కొట్టాడు. అదీ కండ మీద కాదు, ఈ ఇంట్లో ఉన్న ప్రేమ మీద కొట్టాడు. వదినకు ఒళ్ళు మండింది. మండుతూనే ఉంది, అయినా లోపల ఎక్కడో భలే అనకుండా ఉండలేకపోయింది. పనితనం తెలిసిన మనిషి ఆమె. ఎదుటివాడి పనితనం కనిపిస్తే కాదనలేదు.

“ఇది న్యాయమేనా?” అంది.

“సంచీ విప్పకపోతే ఇందులో ఏముంది వదినా? రెండు పాత గ్లౌజులు.” అతని గొంతులో గొప్ప లేదు, వెటకారం లేదు. “నా దగ్గర ఇంకేముంది చెప్పండి. ఎత్తు లేదు. మీ మరిది దెబ్బ ఒక్కటి సరిగ్గా పడితే నేను లేవను, అది నాకూ తెలుసు. లిఫ్టు ఆగిపోతే తలుపు బద్దలు కొట్టం కదా, ఎక్కడ ఆగిందో వింటాం. మనుషులూ అంతే. ప్రతివాడూ ఎక్కడో ఒకచోట ఆగుతాడు. అది కనిపెట్టేదాకా నేను చెయ్యెత్తను.”

“మరి ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?”

“అడిగారు కాబట్టి. మీకు చెబితే గోడకు చెప్పినట్టే, అక్కడే ఉంటుంది.”

అప్పుడు అర్థమైంది ఆమెకు. భర్త తొందరను వాడుకున్నాడు, సరే. ఇప్పుడు తన నిజాయితీని కూడా వాడుకుంటున్నాడు. ఇరవై రెండేళ్ళు కూడబెట్టుకున్న మంచిపేరునే తన నోటికి తాళంగా వేసి వెళ్ళిపోతున్నాడు. ఎదుటివాడి లోపం మీద కొట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. మంచితనం మీద కూడా గురి చూడగలిగినవాణ్ణి ఆమె ఇన్నేళ్ళలో ఇతన్నొక్కణ్ణే చూసింది.

అతను సంచీ భుజాన వేసుకుని లేచాడు.

“బాబూ, ఒక్క మాట,” అంది.

“చెప్పండి వదినా.”

“నీ గ్లౌజుల సంగతి నా నోట రాదు. నా వాళ్ళ ప్రాణం మీదికొచ్చినా రాదు. ఆ నమ్మకంతోనే ఇంటికి వెళ్ళు.” మిషను మీద చెయ్యి ఆనించి నిటారుగా నిలబడింది. “కానీ నేను కుట్టేది నీ గ్లౌజులొక్కటే కాదు.”

మెకానిక్ గుమ్మంలో ఆగాడు. తల కొద్దిగా పక్కకు వాల్చి ఆ మాటను విన్నాడు. ఆమె మొహంలో ఏదో వెతికాడు. దొరికినట్టు లేదు. మొదటిసారిగా అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

అడుగులు మెల్లగా మెట్లు దిగిపోయాయి.

*

“నీ గ్లౌజులు పట్రా,” అంది వదిన, సాయంత్రం స్నానం చేసి పైకొచ్చిన మరిదితో.

“బానే ఉన్నాయిగా వదినా, ఎక్కడా చిరగలేదు.”

“చిరిగితేనే చూడాలా? పట్రా.”

తెచ్చి మిషను బల్ల మీద పెట్టాడు. తలుపంత మనిషి, కుర్చీ సరిపోక కిందే చతికిలబడ్డాడు. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాడు వాడికి ఏడేళ్ళు. అప్పుడూ ఇలాగే మిషను పక్కన చతికిలబడి దారపు కండెలతో ఆడుకునేవాడు.

“వేరేవాళ్ళ గ్లౌజుల గురించి నేను మాట్లాడనని నీకు తెలుసు.”

“తెలుసు. అన్నయ్యే అనవసరంగా గొడవ పడుతున్నాడు. నేను నిన్ను అడగలేదు వదినా, ఎప్పటికీ అడగను.”

ఆ మాటతో ఆమె ప్రాణం లేచొచ్చింది.

“కానీ ఇవి నీవి. నీవి నీకు చదివి చెబితే తప్పు లేదు. చదవనా?”

వాడు అబ్బురంగా చూశాడు. పదకొండేళ్ళ ఆటలో ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు. “చదువు,” అన్నాడు.

కుడి గ్లౌజు ముందుగా తీసుకుంది. “దీనికి ముందుతోలు మూడుసార్లు మార్చాను. నీ బరువులో నీ అంత గట్టిగా కొట్టేవాడు ఈ ఊళ్ళో లేడు. ఇది మరిదివని చెప్పడం కాదు, తోలు చెబుతోంది.”

వాడి మొహం చాటంతైంది.

“మురిసింది చాలు. ఇప్పుడు ఎడమది. ఇదిగో, మణికట్టు పక్కన చూడు. ఏం కనిపిస్తోంది?”

“ఏముంది? బాగుంది. కొత్తదానిలా మెరుస్తోంది.”

“మెరుస్తోంది కదా. ఈ ఊళ్ళో ప్రతి బాక్సర్‌కీ అక్కడ తోలు గీరుకుపోయి ఉంటుంది. ఎదుటివాడి కుడిచేతి దెబ్బ వచ్చి అక్కడే ఆగుతుంది గనక. నీకు ఒక్క గీత లేదు. దీనికి ముందుదీ ఇంతే, దాని ముందుదీ ఇంతే. కొట్టాక నీ ఎడమ చెయ్యి మొహం దగ్గరికి తిరిగి రాదు, కిందే ఉండిపోతుంది.” గ్లౌజును వాడి ఒళ్ళో పెట్టింది. “మరి గ్లౌజు మీద పడని ఆ దెబ్బలన్నీ ఎక్కడ పడ్డాయి?”

వాడి చెయ్యి దానంతటదే లేచి ఎడమ చెంప మీదికి వెళ్ళింది. అక్కడ ఎముక మీద రెండు కుట్ల గుర్తులున్నాయి, ఒక్కో ఫైనల్‌కి ఒక్కోటి.

“నా మొహం మీద,” అన్నాడు.

అత్తగారు మూలనుంచి ముక్కు చీదింది.

“కానీ వదినా,” అన్నాడు వాడు కాసేపటికి, “ఇతనికి కుడి లేదంటున్నాడు అన్నయ్య. దించినా ఫర్వాలేదని...”

వదిన దారపు కండె అందుకుంది. కొస వెతికింది. దొరికిన కొసను పారేసుకుని మళ్ళీ వెతికింది.

“వదినా?”

“నీ గ్లౌజు గురించి అడుగు. తెల్లారేదాకా చెబుతాను.”

మరిది ఆమె మొహంలోకి చూశాడు. తరవాత ఒళ్ళో ఉన్న గ్లౌజుకేసి చూశాడు. మణికట్టు దగ్గరి మెరుపు మీద బొటనవేలితో రుద్దాడు.

“మొదటి ఫైనల్ ముందు అన్నయ్య చెప్పాడు, వాడు వంగి కొడతాడని. వాడు వంగలేదు. రెండోదాని ముందు చెప్పాడు, వాడికి మూడో రౌండుకు ఊపిరి ఆడదని. నాకంటే బాగా ఆడింది.” వాడు ఒక్కో మాటా కూడదీసుకుంటున్నాడు. “నేను రింగులో ఎదుటివాణ్ణి ఎప్పుడూ చూడలేదు వదినా. అన్నయ్య చెప్పినవాడు ఎక్కడున్నాడా అని వెతుక్కున్నాను. ఈలోపు ఉన్నవాడు కొట్టేశాడు.”

“ఎదుటివాళ్ళు మాత్రం నిన్నే చూశారు,” అంది ఆమె. “కండబలం తట్టుకోవచ్చురా అబ్బాయ్. గుచ్చి గుచ్చి చూసేవాణ్ణి తట్టుకోవడమే కష్టం. నువ్వూ చూడు. ఈ ఒక్కసారి నీ కళ్ళతో చూడు.”

“ఏం నూరిపోస్తున్నావు వాడికి?”

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు. పదకొండేళ్ళుగా రింగు మూల నిలబడి తమ్ముడి చెమటా నెత్తురూ తుడిచిన తువ్వాలది.

“వాడి గ్లౌజు సంగతి,” అంది ఆమె.

“నేను మూడు రోజులు బతిమాలినా పెదవి కదపలేదు. ఇప్పుడు మాటలొచ్చాయా?”

“అన్నయ్యా,” అంటూ మరిది లేచాడు. “రేపట్నించి నేను ఎడమ దించను.”

“వాడికి కుడి లేదురా! కళ్ళారా చూశాను!”

“ఉందో లేదో రింగులో నేను చూసుకుంటాను.”

“ఇది చెప్పిందా?”

“వదిన ఏమీ చెప్పలేదు.”

“మరి?”

మరిది వదినకేసి చూడలేదు. “ఏమీ చెప్పలేదు, అంతే,” అన్నాడు.

వదిన చేతిలోని కండె పక్కన పెట్టింది. చెప్పలేదు, నిజం. ఒక్క అక్షరం జారలేదు. అయినా తన మౌనంలో వీడు ఏం చదువుకున్నాడో? గ్లౌజులు చదివే ఇంట్లో పెరిగినవాడు, మొహం చదవడం నేర్చుకోకుండా ఉంటాడా? మెకానిక్ ఎదురుపడి మాట నిలబెట్టుకున్నావా వదినా అని అడిగితే, ఇవాళ పొద్దున్నైతే కళ్ళు మూసుకుని అవుననేది. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించాలి.

భర్త ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. తమ్ముడికి మొట్టమొదట పిడికిలి బిగించడం నేర్పినవాడు, ఆ పిడికిలి ఇవాళ తనమాట కాదంటే ఎలా నిలబడాలో తెలియక నిలబడ్డాడు.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి, మిషను బల్ల మీద పెట్టాడు.

“అయితే ఆదివారం వాడి మూల నువ్వే నిలబడు,” అన్నాడు. “నేను జనంలో కూర్చుంటాను.”

అత్తగారి చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మరిది “అన్నయ్యా” అని ఒక అడుగు వేసి ఆగాడు.

వదిన తువ్వాలు అందుకుంది. విప్పి చూసింది. అంచు పోగులుగా ఊడి వేలాడుతోంది. ఇన్నేళ్ళలో దీన్ని ఒక్కసారీ తన చేతికివ్వలేదీయన.

“నిలబడతాను,” అంది. “కానీ మూలకి ఇద్దరు కావాలి. తువ్వాలు నేను పట్టుకుంటే స్టూలు మీరు పట్టుకోవాలి. రౌండుకి రౌండుకి మధ్య ఉండేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మీరేం చెప్పకూడదు. ఏం చూశావురా అని వాణ్ణి అడగాలి. అడిగి, వినాలి. అది మీకు చేతనవుతుందా?”

ఆయన వెనుదిరిగాడు. మెట్లు దిగుతున్న చప్పుడు.

ఆమె తువ్వాలును మిషను కింద పెట్టి, సూది దించి, అంచు కుట్టడం మొదలుపెట్టింది. ఆ మెట్లు పద్నాలుగని ఆమెకు తెలుసు. ఏడు వరకూ వినిపించాయి.

ఎనిమిదోది వినిపించలేదు.

ఆమె మిషను ఆపింది. మరిది గుమ్మంవైపు కదలబోతే చెయ్యెత్తి వద్దంది. తల కొద్దిగా పక్కకు వాల్చి, ఊపిరి బిగబట్టి వింది. కింది మెట్టు మీదికి గానీ పైమెట్టు మీదికి గానీ ఇంకా అడుగు పడలేదు.